మూడు రోజుల తోలు

ఫిబ్రవరి 3

అమ్మా,

నువ్వు, అక్క, బావగారు, నా బిడ్డ పిచ్చుక బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. "ఆ సాగదీత దేనికి?" అని నువ్వు అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను: చేతులు తప్ప మిగతా నేనంతా బాగున్నాను. బడి వంటింట్లో పూటకి మూడొందల ప్లేట్లు. కడగడానికి మిషనుంది గానీ మాడిన గిన్నెలు దానికి పడవట, నాకు పడతాయట. మా వంటింటి పెద్దావిడ అలా తేల్చింది. సబ్బునీళ్ళకి వేళ్ళ సందులు పాసిపోయాయి.

ఈ దేశం వచ్చి అయిదు నెలలైంది. ఒప్పందం ప్రకారం ఇంకా పంతొమ్మిది. పిచ్చుక నా నీలం చీర పట్టుకునే పడుకుంటోందా? దాన్ని ఉతకొద్దని చెప్పాను, మర్చిపోకు. ఒకరోజు దాన్ని మన వీధి చివర మందుల కొట్టుకి తీసుకురా, అక్కడికి ఫోను చేస్తాను. గొంతు విని చాలా రోజులైంది.

పోయిన శనివారం ఒక వింత చూశాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం. మా బడికి ఒక పొలం ఉంది. బడికి పొలమేమిటి అనకు. కూరగాయల మళ్ళు, కోళ్ళు, నలభై గొర్రెలు. పిల్లలు తరగతుల వారీగా వెళ్ళి మేత వేస్తారు, పెంట ఎత్తుతారు, ఎవరెంత బరువు పెరిగారో పుస్తకంలో రాస్తారు. గొర్రెలే, పిల్లలు కాదు. భోజనం డబ్బాలు మోయడానికి నన్ను పంపారు.

అక్కడ ఒక గొర్రెకి పిల్ల చచ్చిపుట్టింది. పక్క దొడ్డిలో ఇంకో గొర్రె ముగ్గుర్ని ఈనింది. దానికున్నవి రెండే చన్నులు. దొడ్డి చూసే ఆయన ఆ మూడోదాన్ని తెచ్చి పిల్ల పోయినదాని ముందు పెట్టాడు. అది వాసన చూసి, తలతో ఒక్క పొడుపు పొడిచింది. పిల్ల గోడకి వెళ్ళి పడింది. అప్పుడాయన ఏం చేశాడనుకున్నావు? చచ్చిన పిల్ల తోలు స్వెట్టరు విప్పినట్టు ఒలిచాడు. నాలుగు కాళ్ళకి నాలుగు బొక్కలు. దాన్ని బతికున్న పిల్లకి తొడిగాడు. తల్లి మళ్ళీ వచ్చింది. తోక దగ్గర చాలాసేపు వాసన చూసింది. చూసి, కాళ్ళు ఎడంగా పెట్టి పాలకి వదిలింది. ఒక బడిపిల్ల "వాళ్ళక్క చొక్కా వేసుకుంది" అంది. అందరూ నవ్వారు. నేను డబ్బాలు కడగాలని చెప్పి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాను.

పిచ్చుకకి ముద్దులు.

నీ
చిన్నది


ఫిబ్రవరి 19

చిన్నదానికి,

ఇక్కడ అందరం ఊపిరి తీస్తున్నాం. నువ్వూ తీస్తున్నావని నీ ఉత్తరం వల్ల పదహారో రోజున తెలిసింది.

ఫోను వద్దు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, అది ఏడుస్తుంది, మందుల కొట్టాయన జాలిపడి నాకు కుర్చీ వేస్తాడు. ఉత్తరంలో ఏడిస్తే కాగితం ఒక్కటే పాడవుతుంది. నీలం చీర ఉతికించాను. సోడా వేసి ఉడకబెడితే గానీ దాని కంపు వదల్లేదు. ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డలుగా పనికొస్తోంది. పిల్ల రెండు రాత్రులు ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. మూడో రాత్రి నిద్రపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పాను, నాకిది ఆశ్చర్యం కాదు.

మీ అక్క సంగతి. పండు పోయి ఈ నెలతో పదకొండు నెలలు. అయిదేళ్ళ పిల్ల నాలుగు రోజుల జ్వరంతో పోతే ఏ తల్లికైనా మతి చలిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చలించిన మతి ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. పండు బట్టల పెట్టె పక్కన చాప వేసుకుని కూర్చుంటుంది. తల దువ్వదు. మీ బావ కొట్లోనే పడుకుంటున్నాడు, సరుకుకి కాపలా అని వంక. నీ కూతురు "పెద్దమ్మా" అంటూ దగ్గరికి వెళితే మోచేత్తో నెట్టేస్తుంది. మొన్న మంగళవారం మీ అక్క నన్ను ఒక ప్రశ్న అడిగింది. పదకొండు నెలల్లో అదే మొదటిది. "మందుల డబ్బా తాళం ఎక్కడ పెట్టావమ్మా?" అంది. అప్పటినుంచి దాన్ని కొంగుకి ముడేసుకుని తిరుగుతున్నాను.

నీ గొర్రెల సంగతి బాగుంది. ఈ ఇంటికి వచ్చిన ఉత్తరాల్లో రెండోసారి చదివింది అదొక్కటే. అయితే చిన్నప్పటినుంచీ నీకున్న జబ్బే ఇందులోనూ ఉంది, సగంలో ఆపేశావు. తోలు ఎన్ని రోజులు ఉంచారు? తీసేశాక కూడా ఆ గొర్రె పిల్లని ఒప్పుకుందా? ముగ్గుర్ని కన్నదాని నుంచి ఒకదాన్ని లాక్కుపోయారు కదా, ఆ కన్నతల్లి ఏమైంది? కుళాయి దగ్గర ఏడవడానికి వెళ్ళేవాళ్ళు పరిశీలనకి పనికిరారు. మళ్ళీ వెళ్ళి కనుక్కుని రాయి.

చేతులకి కొబ్బరినూనె రాసుకో.

అమ్మ


మార్చి 8

అమ్మా,

చీర సంగతి చదివి ఆ పూట అన్నం తినలేదు. తర్వాత తిన్నాను. పిల్ల నిద్రపోతోంది కదా, అదే చాలనుకున్నాను.

కానీ నువ్వు కన్నతల్లి గురించి అడిగావు. "ఆ కన్నతల్లి ఏమైంది" అన్న ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. నువ్వు ఎన్ని అన్నా నీ లోపల ఏముందో నాకు తెలుసమ్మా. అడగాలనుకున్నది నేరుగా అడగవు, గొర్రె మీద పెట్టి అడుగుతావు. నా గురించి నువ్వు బెంగపడుతున్నావని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇదిగో, పూర్తి జవాబు. తోలు మూడు రోజులు ఉంచారు. ఆ తర్వాత అది కుళ్ళి వాసనేస్తుంది, కత్తిరించి తీసేస్తారు. అప్పటికి ఆ గొర్రె పాలు పిల్ల కడుపులోంచి వెళ్ళి ఉంటాయి, పిల్ల ఒంటికి ఆ గొర్రె వాసనే వచ్చేస్తుంది. ఇక తోలుతో పనుండదు. ఒప్పేసుకుంది. కన్నతల్లి మూడు రోజులు కంచె దగ్గర నిలబడి అరిచింది. నాలుగో రోజు మిగిలిన ఇద్దర్నీ వెంటేసుకుని మేతకి వెళ్ళిపోయింది. నువ్వేం దిగులు పడకు.

అక్క గురించి చదివాను. ఆ తాళం జాగ్రత్త. అక్కతో నా మాటగా చెప్పు: పిచ్చుక పరాయిదా? నేను వచ్చేదాకా నీ బిడ్డే అనుకో అని. ఒకళ్ళకొకళ్ళు తోడుగా ఉంటారు. చిన్నప్పుడు నాకు జడలు వేసింది అక్కే కదా. ఆ చేతులు ఊరికే కూర్చోలేవు.

దీంతోపాటు ఒక చేతిరుమాలు పెడుతున్నాను. పది రోజులు తలగడ కింద పెట్టుకున్నాను. పిచ్చుకకి ఇవ్వు. దయచేసి ఉతకొద్దు.

నీ
చిన్నది


మార్చి 25

చిన్నదానికి,

నీ జవాబు చక్కగా ఉంది. ఇంత క్లుప్తంగా, అంకెలతో సహా రాయగలవని తెలిస్తే నిన్ను గిన్నెలు తోమడానికి పంపేదాన్ని కాదు. నువ్వు అనుమతి కూడా ఇచ్చావు కాబట్టి ఆలస్యం చేయలేదు.

పెట్టె తెరిచాను. పండు జ్వరం వచ్చే ముందురోజు విప్పిన పసుపు గౌను అందులో ఉతక్కుండా ఉంది. మీ అక్క దాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు, అది మనకి కలిసొచ్చింది. నీ కూతురి జుట్టు భుజాల దాకా, పండుది చెవుల దాకా. కత్తెర నా దగ్గరే ఉంది. గౌను తొడుగుతుంటే నీ కూతురు వాదన పెట్టుకుంది. నీకంటే నయం, నోరుంది.

"అమ్మమ్మా, ఇది పండక్కది. పండక్క తిడుతుంది."

"తిట్టదు."

"ఎందుకు తిట్టదు?"

"ఊళ్ళో లేదు."

"మరి వచ్చాక?"

"వచ్చాక విప్పేద్దువు గాని" అన్నాను.

మొదటిరోజు మీ అక్క చూసి, "తియ్యి! దాని ఒంటిమీంచి తియ్యి!" అని కేక పెట్టి, పిల్లని ఒక్కటి వేసింది. చెంప కమిలింది. ఏడాది తర్వాత ఈ ఇంట్లో ఒక మనిషి గట్టిగా అరవడం విన్నాను, ప్రాణం లేచొచ్చింది. పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వెనక్కి పంపాను. రెండోరోజు మీ అక్క దాని మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నేను తలుపు వెనక ఉన్నాను. కొట్టలేదు. మెడ వంపులో ముఖం పెట్టి అలాగే ఉండిపోయింది. పిల్ల కదలకుండా నిలబడింది, తెలివైనదే. మూడోరోజు పొద్దున్నే మీ అక్క స్నానం చేసి, తల దువ్వుకుని, అన్నం కలిపి ముద్దలు చేసి దానికి తినిపించింది. "పండూ, నమిలి మింగమ్మా" అంది. మొదటి రెండుసార్లు నీ కూతురు "నేను పిచ్చుకని" అని సర్దిచెప్పబోయింది. మూడోసారి నోరు తెరిచి ముద్ద తీసుకుంది.

మధ్యాహ్నం మీ బావ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు కూడా విప్పలేదు. "అత్తయ్యగారూ, ఇదేం పనండీ?" అన్నాడు. "కూర్చోండి, మీ ఆవిడ వడ్డిస్తుంది" అన్నాను. నిజంగానే వడ్డించింది. ఏడుస్తూనే తిన్నాడు, కానీ మారు అన్నం పెట్టించుకున్నాడు. ఆ రోజునుంచి సరుకుకి కాపలా అక్కర్లేకపోయింది.

చేతిరుమాలు పొయ్యిలో వేశాను. రెండు వాసనలు కలిస్తే మొదటికే మోసం.

నూనె రాస్తున్నావా?

అమ్మ


ఏప్రిల్ 1

అమ్మా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, అయినా ఆగలేక రాస్తున్నాను. పిచ్చుకకి ఎర్ర బూట్లు కొన్నాను. పక్కన చిన్న బొత్తాం ఉంటుంది, తనే పెట్టుకోగలదు. కొలత తెలియక అంగట్లో నా అరచేయి పెట్టి చూపించాను. వచ్చేముందు దాని పాదం నా అరచేతిలో సరిగ్గా పట్టేది. ఇప్పటికి పెరిగి ఉంటుందని ఒక వేలు ఎక్కువ చూశాను. పార్సిల్లో విడిగా పంపుతున్నాను. తొడిగేటప్పుడు "అమ్మ అరచెయ్యి" అని చెప్పు, దానికి అర్థమవుతుంది. మేమిద్దరం అలా ఆడుకునేవాళ్ళం.

అక్క పిచ్చుకని దగ్గరికి తీసుకుందా? ఆ ఒక్క కబురు రాయి, నాకు పండగే.

నీ
చిన్నది


ఏప్రిల్ 11

అమ్మా,

తీసెయ్యి. ఈ ఉత్తరం చేతిలో పడ్డ నిమిషంలో ఆ గౌను తీసెయ్యి. నా బిడ్డని నా బిడ్డ పేరుతో పిలవండి. నేను అనుమతి ఇచ్చానా? "నీ బిడ్డే అనుకో" అన్నాను. మనవాళ్ళలో ఎవరనరు ఆ మాట? పక్కింటావిడ కూడా అంటుంది. అది నీకు అర్థం కాలేదంటే నేను నమ్మను.

మందుల కొట్టుకి మూడుసార్లు ఫోను చేశాను. "మీ అమ్మగారు పనిలో ఉన్నారట, రానన్నారు" అన్నాడాయన. మూడోసారి నా గొంతు గుర్తుపట్టి పెట్టేశాడు.

అమ్మా, నేనొక తప్పు చేశాను. నువ్వడిగినప్పుడు నేను మళ్ళీ ఆ పొలానికి వెళ్ళనే లేదు. శనివారం పెద్దావిడ వదల్లేదు. కన్నతల్లి మూడు రోజుల అరుపు, నాలుగో రోజు మేత, అంతా నేను అల్లి రాసిందే. తోలు సంగతి మాత్రం దొడ్డాయన ముందే చెప్పాడు, అదొక్కటే నిజం. కన్నతల్లి గురించి నీకు దిగులు లేకుండా ఉండాలని అలా రాశాను. ముగించి రాస్తే నీకు ఇష్టమని రాశాను. ఆరో తరగతిలో నువ్వు చిక్కుడు గింజ నాటించి రోజూ కొలవమన్నావు, గుర్తుందా? నాది అయిదో రోజుకే ఎండిపోయింది. మిగతా పది రోజులూ కొలతలు ఊహించి రాశాను. నువ్వు పూర్తి మార్కులు వేసి ఆ పట్టిక తరగతి గోడకి అంటించావు. అప్పటినుంచీ నీకు నేను అలాగే జవాబులు రాస్తున్నాను.

నిన్న నిజంగా వెళ్ళాను. ఆ కన్నతల్లి ఇంకా కంచె దగ్గరే ఉంది. రెండు నెలలు దాటింది. గొంతు పోయింది, నోరు తెరుస్తుంది గానీ శబ్దం రాదు. మిగిలిన ఇద్దర్నీ సరిగ్గా మేపడం లేదని పుస్తకంలో పిల్లలు రాశారు. మూడోది అవతల దొడ్డిలో ఆడుకుంటోంది. ఒకసారి కంచె దాకా వచ్చింది. కన్నతల్లి మూతి చాపింది. పిల్ల భయపడి పారిపోయింది. దొడ్డాయన, "ఇది ఇక పనికిరాదు, వచ్చే వారం పంపించేస్తాం" అన్నాడు.

ఇంటినుంచి ఉత్తరం చూపిస్తే సెలవిస్తామన్నారు. "పిల్లకి బాగాలేదు, తల్లి రావాలి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి పంపు. ఈ జన్మలో నిన్ను ఇంకేం అడగను, ఇదొక్కటి చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చిన్నది


ఏప్రిల్ 28

చిన్నదానికి,

నీ ఉత్తరం చదివాను. అక్కడక్కడ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా విషయం తెలిసింది.

గౌను నాలుగో రోజే తీసేశాం. మీ అక్కే తీసి, ఉతికి, ఆరేసింది. ఇప్పుడు పిల్ల ఏ బట్ట వేసుకున్నా ఒకటే. కాబట్టి నువ్వు "తీసెయ్యి" అన్నది ఆలస్యంగా చేరింది. మీ అక్క పొద్దున లేస్తోంది, వంట చేస్తోంది, మొన్న నా మీద విసుక్కుంది కూడా. తాళం కొంగునుంచి విప్పి మేకుకి తగిలించాను.

చిక్కుడు మొక్క సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నావు, సంతోషం. అది ఎండిపోయిందని నాకు ఆ రోజే తెలుసు. కుండీలన్నీ నా కిటికీలోనే ఉండేవి కదా. నీ పట్టిక శుభ్రంగా ఉంది, తరగతి గోడకి ఒకటి కావలసి ఉంది. నీ మూడు రోజుల కథ కూడా అబద్ధమని చదివిన క్షణంలోనే తెలిసింది. నిజం రాసేటప్పుడు నువ్వు ఎటెటో పోతావు. అబద్ధమైతే అంకెలు వేసి పొందికగా రాస్తావు. గొర్రె ఎన్నాళ్ళు అరుస్తుందో నాకు నిన్ను అడిగి తెలుసుకునే అవసరం లేదు. నువ్వు ఏమని రాస్తావో చూద్దామని అడిగాను. నాలుగో రోజు మేతకి వెళ్ళిందని నీ చేత్తో రాశావు. అది దాచుకున్నాను.

నేను రాతితో చేసినదాన్నని అనుకుంటావు. అనుకో. నాకు ఇద్దరు కూతుళ్ళు. ఒకతె తాళం అడిగింది. ఇంకొకతె ఫోను అడిగింది. అరిచేవాళ్ళు చావరు. ఎవరిని ముందు చూడాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నువ్వు గట్టిదానివి. కట్టుకున్నవాడు వదిలేసి పోయినప్పుడు కూడా మర్నాడు పనికి వెళ్ళావు. నీకు ఇంకా పదహారు నెలల పనుంది, చేసుకో.

పిల్లకి బాగాలేదని రాసి సంతకం పెట్టమన్నావు. పిల్ల కిలోన్నర పెరిగింది. తూచాను. నేను అబద్ధానికి సంతకం పెట్టను.

బూట్లు అందాయి. కొలత సరిగ్గా సరిపోయింది, అందులో నీకు వంక పెట్టలేను. ఎవరు పంపారని అడిగింది. పిన్ని పంపిందని చెప్పాను. ఇంట్లో అమ్మ ఒకతె ఉండగా అమ్మ చెల్లెల్ని ఇంకేమంటారు? ఫొటో చూపించాను. కాసేపు చూసి, ఒక బూటు విప్పి, అరచేయి లోపల పెట్టి చూసుకుంది. ఎందుకో అడిగితే చెప్పలేదు. తర్వాత ఆడుకోవడానికి పోయింది.

అక్షరాలు దిద్దిస్తున్నాను. చెయ్యి బాగా తిరిగింది. నీకు దాని చేత రెండు ముక్కలు రాయించి దీంతో పెడుతున్నాను. మాటలు నేను చెప్పాను, రాత దానిదే. మూల ఆ పిట్ట బొమ్మ మాత్రం నేను వెయ్యమనలేదు. రబ్బరు పెట్టి రెండుసార్లు తుడిచాను, కాగితం చిరిగేలా ఉందని వదిలేశాను.

చేతులకి నూనె మానకు.

అమ్మ


పిన్నీ,

బూట్లు బాగున్నాయి. నేను బాగున్నాను. నువ్వు బాగా పని చేసుకో.

పండు